యాక్షన్ కెమెరాతో టైమ్‌లాప్స్: ఏ మోడ్, ఎంత ఇంటర్వెల్, ఏ కెమెరా?

టైమ్‌లాప్స్ (గంటల కదలికను సెకన్లలో చూపించే వీడియో) మీద ఆసక్తి కలిగినవాళ్ళు ముందుగా అడిగేది "గోప్రో కొనాలా, డీజేఐ కొనాలా" అని, అంటే ఏ కంపెనీ యాక్షన్ కెమెరా అని. నా లెక్కలో ఆ ప్రశ్న అన్నిటికంటే ఆఖర్న రావాలి. ముందు తేల్చుకోవాల్సినవి రెండే. తీస్తున్నంతసేపూ కెమెరా ఒకచోట కదలకుండా ఉంటుందా, మీతో పాటు కదులుతుందా? మీరు తీయబోయేది రేపు మళ్ళీ దొరుకుతుందా, దొరకదా? ఈ రెండూ తేలితే ఏ మోడ్‌లో తీయాలో తెలుస్తుంది, ఇంటర్వెల్ (ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య విరామం) లెక్క వేసుకోవచ్చు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న కెమెరా చాలావాటికి సరిపోతుందని కూడా అప్పుడే తెలుస్తుంది.

కెమెరా కదలనప్పుడు: వీడియోనా, ఫొటోలా?

పిట్టగోడకు క్లాంపుతోనో, చిన్న ట్రైపాడ్ మీదో కెమెరా బిగించి వదిలేస్తున్నారనుకుందాం. ఇక్కడ రెండు దారులున్నాయి. టైమ్‌లాప్స్ వీడియో మోడ్‌లో కెమెరా కొన్ని సెకన్లకొక ఫ్రేమ్ చొప్పున తీసి, లోపలే కలిపేసి, తయారైన వీడియో ఇచ్చేస్తుంది. టైమ్‌లాప్స్ ఫొటో మోడ్‌లో ప్రతి ఫ్రేమూ విడి ఫొటోగా కార్డులో చేరుతుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్లో మీరే కలుపుకోవాలి.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద చలికాలం తెల్లవారుజామున మేఘాలు లోయంతా పరుచుకుంటాయి. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, 5 సెకన్లకొక ఫ్రేమ్ చొప్పున తీస్తే 1,440 ఫ్రేములు. వీడియో మోడ్‌లో అయితే అది 48 సెకన్ల 4కె క్లిప్, కొన్ని వందల ఎంబీల ఫైలు. కొండ దిగేలోపు ఫోన్‌లోకి దింపుకుని ఇంట్లోవాళ్ళకు పంపేయొచ్చు. అదే ఫొటోల్లో అయితే ఒక్కోటి 8 నుంచి 10 ఎంబీ అనుకున్నా 12, 14 జీబీ అవుతుంది. పైగా కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

అయినా ఫొటోల వైపే మొగ్గాల్సిన సందర్భాలున్నాయి. 4కె ఫ్రేములో ఉండేది దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. గోప్రో హీరో 11 బ్లాక్ నుంచి ఫొటోలో 2.7 కోట్ల పిక్సెళ్ళు ఉంటాయి, అంటే మూడు రెట్లకు పైనే. ఆ అదనంతో ఒకే షాట్‌ నుంచి అడ్డంగా ఒక వీడియో, రీల్ కోసం నిలువుగా ఇంకొకటి కత్తిరించుకోవచ్చు. నెమ్మదిగా జూమ్ అవుతున్నట్టూ చేసుకోవచ్చు. కెమెరాకు అడ్డంగా ఎవరైనా నిలబడితే ఆ నాలుగు ఫొటోలు తీసిపారేస్తే సరి. ర్యా ఫైళ్ళు (కెమెరా కుదించని, మార్చని ముడి ఫొటోలు) తీస్తే సూర్యుడి చుట్టూ తెల్లగా పోయిన ఆకాశాన్ని కొంతవరకైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి ఉంది. మధ్యలో బ్యాటరీ అయిపోతే అప్పటిదాకా తీసిన ఫొటోలన్నీ కార్డులో భద్రంగా ఉంటాయి. వీడియో ఫైలు సరిగా మూసుకోకపోతే మొత్తం పోయే ప్రమాదం ఉంది.

అందుకని నేను చెప్పేది ఇది: రేపు మళ్ళీ దొరికేదాన్ని వీడియో మోడ్‌లో తీయండి, దొరకనిదాన్ని ఫొటోల్లో తీయండి. మేడ మీది మబ్బులు, సాయంత్రం కూడలిలో ట్రాఫిక్, ఆర్కే బీచ్ అలలు రేపూ ఉంటాయి. సొంతింటి స్లాబు వేసే రోజు, చెల్లెలి పెళ్ళికి పందిరి లేవడం, వీధి వినాయకుడు ట్రాక్టర్ ఎక్కి బయల్దేరడం మళ్ళీ రావు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే మాత్రం రెండో ఆలోచన లేకుండా వీడియో మోడ్‌కే వెళ్ళండి. కార్డులో పడి ఉండే పద్నాలుగు వందల ఫొటోల కంటే చేతిలో ఉన్న 48 సెకన్ల క్లిప్ మేలు.

మామూలు వీడియో తీసి ఎడిటింగ్‌లో వేగం పెంచుకోవడం మూడో దారి. పదిహేను నిమిషాల్లో అయిపోయే పనులకు అదే మంచిది: వాకిట్లో పెద్ద ముగ్గు వేయడం, నాగార్జున సాగర్ గేట్లు ఒక్కొక్కటే లేవడం. కావలసినచోట అసలు వేగానికి, అసలు చప్పుడుకు తిరిగి రావచ్చు. గంటల పనికి ఇది కుదరదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె రికార్డు చేస్తే గంటకు 45 జీబీ పడుతుంది, కెమెరా కూడా వేడెక్కుతుంది.

ఇంటర్వెల్ లెక్క

టైమ్‌లాప్స్ వీడియో మామూలుగా సెకనుకు 30 ఫ్రేములతో నడుస్తుంది. కాబట్టి ఇంటర్వెల్‌ను 30తో గుణిస్తే ఎన్ని రెట్ల వేగమో వచ్చేస్తుంది. అర సెకను అంటే 15 రెట్లు, 2 సెకన్లంటే 60 రెట్లు, 10 సెకన్లంటే 300 రెట్లు. పది సెకన్ల క్లిప్ కావాలంటే 300 ఫ్రేములు, 2 సెకన్ల ఇంటర్వెల్‌తో దానికి పది నిమిషాలు పడుతుంది. బయల్దేరే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే అక్కడ ఎంతసేపు కూర్చోవాలో తెలుస్తుంది.

గోప్రోలో ఇంటర్వెల్ మొదట అర సెకను దగ్గరే ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. అలా వదిలేస్తే వంజంగి తెల్లవారుజాము ఎనిమిది నిమిషాల వీడియో అవుతుంది, అంతసేపు ఎవరూ చూడరు. అర సెకను, ఒక సెకను ట్రాఫిక్‌కు, జనానికి సరిపోతాయి. అక్కడ 5 సెకన్లు పెడితే బండ్లు కదిలినట్టు ఉండదు, ఒకచోట మాయమై ఇంకోచోట తేలినట్టుంటుంది. వానాకాలంలో కిందుగా పరుగెత్తే మబ్బులకు 2 సెకన్లు, ఎండాకాలంలో పైన పలచగా ఉండే మబ్బులకు 5 సెకన్లు బాగుంటాయి.

సూర్యోదయం, సూర్యాస్తమయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకాశంలో సూర్యుడు తన వెడల్పంత దూరం జరగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. యాక్షన్ కెమెరా లెన్స్ చాలా వెడల్పు కాబట్టి ఫ్రేములో సూర్యుడు చిన్న చుక్కలా ఉంటాడు, ఆ కదలిక ఇంకా నెమ్మదిగా కనిపిస్తుంది. అందుకే 5 సెకన్ల కంటే తక్కువ పెట్టి లాభం లేదు. అంతకంటే ముఖ్యం, దగ్గర్లో ఏదో ఒకటి ఫ్రేములో ఉండాలి. రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో నిలబడితే సూర్యుడు గోదావరి అవతలి ఒడ్డున దిగుతాడు. అక్కడ కంటి ఎత్తులో కెమెరా పెడితే సగం ఖాళీ ఆకాశం, సగం ఖాళీ నీళ్ళు వస్తాయి. ఆర్చి వంతెన కూడా సన్నటి గీతలా అయిపోతుంది. అదే కెమెరాను మెట్టు మీద నీటికి జానెడు ఎత్తులో పెట్టి, కట్టేసిన పడవ ముక్కు ఒక పక్కన వచ్చేలా చూసుకుంటే, పడవ ఊగుతుంది, నీటి రంగు మారుతుంది, వెనకాల పొద్దు గుంకుతుంది. వెడల్పాటి లెన్స్‌కు దూరాన ఉన్నదాని కంటే దగ్గరగా ఉన్నదే బలం. ఫోన్‌లో జూమ్ చేసి తీసే అలవాటుతో వచ్చినవాళ్ళకు యాక్షన్ కెమెరా నిరాశ కలిగించేది ఇక్కడే.

ఇక రోజంతా సాగే పనులు. స్లాబు పని ఎనిమిది గంటలు జరిగితే 30 సెకన్ల ఇంటర్వెల్‌తో 960 ఫ్రేములు, అంటే 32 సెకన్ల క్లిప్. అదే 10 సెకన్లు పెడితే నిమిషంన్నర దాటుతుంది. నేనైతే 10 పెట్టి తర్వాత వేగం పెంచుకుంటాను. అనుమానం ఉన్నప్పుడల్లా తక్కువ ఇంటర్వెల్ వైపే వెళ్ళండి. ఎక్కువైన ఫ్రేముల్ని తర్వాత వదిలేయవచ్చు, తీయని ఫ్రేమును పుట్టించలేం.

నాట్ల నుంచి కోతల దాకా పొలం, పునాది నుంచి గృహప్రవేశం దాకా ఇల్లు తీయాలంటే యాక్షన్ కెమెరాను నెలల తరబడి బయట వదలడం సరైన దారి కాదు. అలాంటి పనికి బ్రిన్నో లాంటి కంపెనీలు చేసే టైమ్‌లాప్స్ కెమెరాలున్నాయి. మామూలు పెన్సిల్ సెల్స్ మీద వారాల తరబడి నడుస్తాయి. అంత ఖర్చు వద్దనుకుంటే ఒక గుంజకు మౌంట్ శాశ్వతంగా బిగించి, రోజూ ఒకే వేళకు వెళ్ళి, కెమెరా తగిలించి ఒక ఫొటో తీసుకు రండి. నీడలు ఒకేవైపు ఉంటాయి కాబట్టి ఆ క్లిప్ చాలా శుభ్రంగా వస్తుంది.

కెమెరా కదులుతుంటే

మామూలు టైమ్‌లాప్స్‌ను చేతిలో పట్టుకుని తీస్తే తల తిరుగుతుంది. దానికోసమే స్టెబిలైజేషన్ (కుదుపుల్ని సరిచేయడం) కలిపిన మోడ్ వచ్చింది. గోప్రోలో దాని పేరు టైమ్‌వార్ప్, 2018లో హీరో 7 బ్లాక్‌తో మొదలైంది. డీజేఐలో హైపర్‌లాప్స్, ఇన్‌స్టా360లో టైమ్‌షిఫ్ట్ అంటారు. ఇక్కడ ఇంటర్వెల్ బదులు ఎన్ని రెట్లో ఎంచుకోవాలి.

హైదరాబాద్ మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే సుమారు 12 నిమిషాల ప్రయాణం. 5 రెట్లలో తీస్తే రెండు నిమిషాలు దాటుతుంది, 15 రెట్లలో ముప్పావు నిమిషం, 30 రెట్లలో 23 సెకన్లు. కారుకు 15 బాగుంటుంది. లాడ్ బజార్‌లో నడుస్తూ తీస్తే 5 నుంచి 10 దాటకండి, దాటితే గాజుల కొట్లు రంగుల చారలుగా మారిపోతాయి. వేగాన్ని కెమెరానే ఎంచుకునే ఆటో సెట్టింగ్ నడకకు బాగా పనికొస్తుంది. క్లిప్ ఒక పాట నిడివికి సరిపోవాలంటే మాత్రం వేగాన్ని మీరే ఖాయం చేసుకోండి.

కారు లోపల అద్దం వెనక పెడితే డాష్‌బోర్డు నీడ అద్దం మీద తేలుతుంది. డాష్‌బోర్డు మీద నల్లగుడ్డ పరిస్తే చాలావరకు పోతుంది. డ్రైవర్ చూపుకు ఏదీ అడ్డం రాకూడదని వేరే చెప్పక్కర్లేదు. బైకు మీద హ్యాండిల్‌కు బిగించడం కంటే ఛాతీ బెల్టు నయం. ఇంజను అదురు తగ్గుతుంది, హ్యాండిల్ కూడా ఫ్రేములో కనిపిస్తుంది కాబట్టి చూసేవాళ్ళ కంటికి ఒక ఆధారం ఉంటుంది. విశాఖ నుంచి అరకు రైల్లో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, వచ్చిన ప్రతిసారీ ఎక్స్‌పోజర్ (ఫ్రేము వెలుగు) కిందా మీదా అవుతుంది. ఆ దారి మొత్తాన్ని ఒకే క్లిప్‌గా తీయకుండా లోయలు కనిపించే ముక్కలుగా తీసుకోవడమే మంచిది.

ఎటు చూపించాలో ముందే తెలియని ప్రయాణాలకు ఇన్‌స్టా360 ఎక్స్4 లాంటి 360 కెమెరా మంచి ఎంపిక. చుట్టూ తీసేసి, ఇంటికొచ్చాక దిక్కు ఎంచుకోవచ్చు. అయితే ఆ 8కె చుట్టూరా పరుచుకుని ఉంటుంది కాబట్టి, అందులోంచి కత్తిరించిన ఒక వైపు బొమ్మ మామూలు యాక్షన్ కెమెరా 4కె అంత స్పష్టంగా ఉండదు.

ఈ మోడ్‌లన్నిటికీ ఒక పరిమితి ఉంది: చీకటి పడితే పనిచేయవు. వెలుతురు తగ్గి షట్టర్ నెమ్మదించాక, అంటే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు తెరిచి ఉండాల్సి వచ్చాక, ప్రతి ఫ్రేమూ అలుక్కుపోతుంది. ఫ్రేముల మధ్య కుదుపును స్టెబిలైజేషన్ సరిచేయగలదు కానీ, ఫ్రేము లోపలి అలుకును చేయలేదు. పొద్దు గూకాక కెమెరాను ఒకచోట నిలబెట్టడమే దారి.

రాత్రి

రాత్రికి నైట్‌లాప్స్ మోడ్ వేరుగా ఉంటుంది. ఇందులో షట్టర్‌ను 2 సెకన్ల నుంచి 30 సెకన్ల దాకా తెరిచి ఉంచవచ్చు. ఇంటర్వెల్ ఎప్పుడూ షట్టర్ కంటే తక్కువ ఉండకూడదు, ఆటోలో పెడితే కెమెరానే చూసుకుంటుంది. దుర్గం చెరువు కేబుల్ వంతెన మీద బండ్ల దీపాలు గీతల్లా రావాలంటే 2 సెకన్ల షట్టర్ చాలు. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) గరిష్ఠాన్ని 400 దగ్గర ఆపండి. వంతెన దీపాల రంగులు తెల్లబారకుండా ఉంటాయి. సాయంత్రం వెలుగు నుంచి చీకటి దాకా ఒకే క్లిప్‌లో కావాలంటే నైట్‌లాప్స్‌నే షట్టర్ ఆటోలో పెట్టి, పొద్దు గూకకముందే మొదలుపెట్టండి. మామూలు టైమ్‌లాప్స్‌లో మొదలుపెడితే చివర అంతా నల్లబడుతుంది.

నక్షత్రాలకు 20 నుంచి 30 సెకన్ల షట్టర్, 1600 దాకా ఐఎస్ఓ, అమావాస్యకు దగ్గరి రాత్రి కావాలి. ఊరి దీపాలకు దూరంగా ఉండాలి. మూడు గంటలు కూర్చుంటే 30 సెకన్ల చొప్పున 360 ఫ్రేములు, అంటే 12 సెకన్ల క్లిప్. ఓపిక ఉండాలి. గోప్రో హీరో 11 నుంచి నక్షత్రాల గీతల్ని కెమెరా లోపలే గీసే మోడ్ కూడా ఉంది. గీతలు వలయాల్లా రావాలంటే ఉత్తరం వైపు తిప్పండి. ధ్రువ నక్షత్రం మీరున్న అక్షాంశం ఎంతో దిగంతం నుంచి అంత ఎత్తులో ఉంటుంది. గండికోటలో అది 15 డిగ్రీల లోపే. కాబట్టి కెమెరాను పెద్దగా పైకెత్తకుండానే లోయ అంచు, వలయాల నడిమి బిందువు రెండూ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. ఉత్తర దేశాల్లో తీసిన వీడియోలు చూసి కెమెరాను బాగా పైకి వంచేస్తే మన ఆకాశంలో ఆ బిందువు ఫ్రేము అడుగుకు జారిపోతుంది.

రంగు, మినుకు

వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకండి. పగటికి, సూర్యాస్తమయానికి 5500 కెల్విన్ దగ్గర ఖాయం చేయండి. ఆటోలో ఉంటే ఆకాశం ఎర్రబడే కొద్దీ కెమెరా ఆ ఎరుపును తగ్గించుకుంటూ పోతుంది, తీయడానికి వెళ్ళిందే దానికోసం. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి యాంటీ ఫ్లికర్‌ను 50కి మార్చుకోండి. కల్యాణ మండపాల్లో, కొట్లలో దీపాల మినుకు చాలా తగ్గుతుంది.

ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ మీద పెట్టి వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) అవసరమా అని చాలామంది అడుగుతారు. ఈ కెమెరాల్లో ఎక్కువవాటికి అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చే వీలుండదు, గోప్రోలో అది ఎఫ్ 2.5 దగ్గర స్థిరం. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100లో షట్టర్ 1/4000 దగ్గరికి పోతుంది. ప్రతి మనిషీ, ప్రతి బండీ గడ్డకట్టినట్టు వచ్చి, కలిపి చూస్తే కదలిక గతుకులుగా ఉంటుంది. ఎన్‌డీ 64 పెడితే అది 1/60కి దిగి మెత్తబడుతుంది. ట్రాఫిక్‌కు, కారు టైమ్‌వార్ప్‌కు ఈ ఖర్చు తగినదే. మబ్బులకు, నిర్మాణ పనులకు అక్కర్లేదు.

బ్యాటరీ, ఎండ, మంచు

ఈ కెమెరాల్లో కొత్తవాటి బ్యాటరీలు ఎక్కువగా 1,700 నుంచి 1,950 ఎంఏహెచ్ మధ్యలో ఉంటాయి. గంట దాటే పనికి పవర్ బ్యాంక్ తప్పనిసరి. కొన్ని పవర్ బ్యాంకులు కరెంటు లాగడం తగ్గితే వాటంతటవే ఆగిపోతాయి. పొడవాటి ఇంటర్వెల్‌లో సరిగ్గా అదే జరుగుతుంది. ముఖ్యమైన రోజుకు ముందే ఇంట్లో ఒక పూట నడిపి చూసుకోండి. కేబుల్ కోసం పక్క తలుపు తెరిస్తే కెమెరా నీటికి తట్టుకోదు. వానలో, తీరంలో తీసేవాళ్ళు కేబుల్ దూరే తలుపు విడిగా కొనుక్కోవాలి.

ఎండ విషయంలో కెమెరాల మధ్య నిజమైన తేడా ఉంది. గోప్రో తన కెమెరాలకు చెప్పే పరిమితి 35 డిగ్రీలు, డీజేఐ ఆస్మో యాక్షన్ 4, 5 ప్రోలకు చెప్పేది 45 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో పగటిపూట తీయబోతే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. ఏ కెమెరా అయినా నీడలో పెట్టండి, స్క్రీన్, వైఫై ఆపేయండి. వీలున్న మోడళ్ళలో బ్యాటరీ తీసేసి పవర్ బ్యాంక్ మీదే నడపండి.

లంబసింగిలో కష్టం వేరు: లెన్స్ మీద మంచు పడుతుంది. పావుగంటకోసారి మెత్తటి గుడ్డతో, కెమెరా కదలకుండా తుడవాలి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెచ్చిన కెమెరా అద్దం విశాఖ ఉక్కపోతలో క్షణాల్లో మసకబారుతుంది. అరగంట ముందే బయట పెట్టి ఉంచండి.

చివరికి, ఏ కెమెరా?

రాత్రిళ్ళు, ఎండలు, పొడవాటి పని మీకు ముఖ్యమైతే డీజేఐ ఆస్మో యాక్షన్ 5 ప్రో వైపు వెళ్ళండి. సెన్సర్ 1/1.3 అంగుళం, గోప్రో 1/1.9 కంటే పెద్దది. పైగా 47 జీబీ నిల్వ కెమెరాలోనే ఉంది, కార్డు మర్చిపోయినా పని ఆగదు. ఫొటోల వరుసలు, ర్యా ఫైళ్ళు, నక్షత్రాల గీతలు, 8:7 పొడవాటి ఫ్రేము కావాలంటే గోప్రో హీరో 11 లేదా ఆ తర్వాతిది. గోప్రో ల్యాబ్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుంటే రోజూ సూర్యోదయానికి దానంతటదే మొదలయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను గోప్రో వైపు ఉంటాను. ఏ కంపెనీదైనా, కొనేముందు టైమ్‌లాప్స్‌లో ఫొటోలను విడిగా దాస్తుందో లేదో కొట్లోనే మెనూ తెరిచి చూడండి.

ఫోన్ చాలదా అంటే, అరగంట మబ్బులకు చాలు. కానీ ఐఫోన్‌లో ఇంటర్వెల్ మీ చేతిలో ఉండదు. ఎంతసేపు తీస్తే అంత వేగం పెంచుకుంటూ, క్లిప్‌ను అర నిమిషం అటూఇటూగా ఉంచుతుంది. అంతసేపూ ఫోన్ కూడా మీ చేతిలో ఉండదు. డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల బొమ్మ నిస్సందేహంగా మెరుగు, ముఖ్యంగా నక్షత్రాలకు. కానీ వేల ఫ్రేములు తీస్తే మెకానికల్ షట్టర్ ఆయుష్షు తరుగుతుంది. సారవ కర్రకు కట్టి స్లాబు పక్కన వదిలేయడానికి లక్ష రూపాయల కెమెరా మీద ఎవరికీ చెయ్యి రాదు.

మీ దగ్గర హీరో 8 లాంటి పాత కెమెరా ఉంటే ఇప్పుడే మార్చకండి. ఆ డబ్బులో కొంత పెట్టి గట్టి క్లాంపు, వేగంగా రాసుకునే వీ30 మెమరీ కార్డు, తక్కువ కరెంటులోనూ ఆగని పవర్ బ్యాంక్, ఒక ఎన్‌డీ ఫిల్టర్ కొనండి. ఈ వారం మేడ మీద మబ్బుల్ని ఒకసారి 2 సెకన్లలో, ఒకసారి 5 సెకన్లలో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మీకు ఏ వేగం నచ్చుతుందో తెలిశాక కొత్త కెమెరా సంగతి ఆలోచించవచ్చు.